ప్రాణం అమానతు: మరణ హక్కు చర్చలో మన బాధ్యత

(మేళ్లచెరువులో జరిగిన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

వార్షిక సభ అంటే పిల్లల చదువులు, స్కాలర్‌షిప్పులు, పేదింటి పెళ్లిళ్లు, రంజాన్ రేషను గురించి మాట్లాడుకోవడం మనకు అలవాటు. ఈసారి కార్యదర్శి గారు నాకు ఇచ్చిన విషయం వేరు. మనిషికి తన చావును తాను నిర్ణయించుకునే హక్కు ఉందా, లేదా అన్నది. విషయం వినగానే కొందరి ముఖాలు ముడుచుకున్నాయి. శుభమా అని సభ పెట్టుకుంటే చావు మాటలు ఎందుకని వారి భావం. కానీ మన ఇళ్లల్లో ఈ మాట ఎప్పుడో మొదలైంది. ఆస్పత్రి వరండాల్లో, అర్ధరాత్రి, డబ్బులు లెక్కపెట్టుకుంటూ, ఎవరికీ వినపడకుండా మాట్లాడుకుంటున్నాం. నలుగురిలో, తీరుబడిగా, ఆరోగ్యంగా ఉన్నప్పుడు మాట్లాడుకుంటే మంచిదన్నదే నా మనవి.

నేను ఆలిమ్‌ను కాను, డాక్టర్‌ను కాను. చాలా ఏళ్లుగా నల్లకోటు వేసుకుని కోర్టుకు పోయే మనిషిని. ఆ మధ్య మన ప్రాంతపు పెద్దాయన ఒకరు నా దగ్గరకు వచ్చి అడిగారు: "వకీల్ సాబ్, రేపు నాకేమన్నా అయితే వెంటిలేటర్ మీద పెట్టొద్దని పిల్లలకు చెప్పాలనుకుంటున్నా. అట్ల చెబితే గునాహ్ అవుతుందా? చెప్పకపోతే వాళ్లు ఉన్న ఎకరం అమ్ముతారు."

ఆ ఒక్క మాటలో మూడు ప్రశ్నలున్నాయి. ధర్మం ఏమంటుంది, చట్టం ఏమంటుంది, ఖర్చు ఎవరు భరిస్తారు. నా ప్రసంగం కూడా ఆ మూడింటి చుట్టే తిరుగుతుంది. మూడోదే మనలాంటి సంఘానికి అసలు ప్రశ్న.

హైదరాబాద్‌లో ఒక తల్లి, ఒక కొడుకు

మన తెలుగు నేల మీద ఈ చర్చ అందరికీ తెలిసింది 2004లో. హైదరాబాద్‌లో కె. వెంకటేశ్ అనే పాతికేళ్ల యువకుడు ఉండేవాడు. మంచి చెస్ ఆటగాడు. అతనికి డుషేన్ మస్కులర్ డిస్ట్రఫీ అనే పుట్టుకతో వచ్చే జబ్బు. ఎక్కువగా మగపిల్లలకే వస్తుంది. కండరాలు ఏడాదికేడాది బలం కోల్పోతాయి. ముందు నడక పోతుంది, తర్వాత చేతులు, చివరికి ఊపిరి తీసే కండరాలు. వెంకటేశ్ బుద్ధి మాత్రం చెక్కు చెదరలేదు. తనకేం జరుగుతోందో అతనికి పూర్తిగా తెలుసు.

ఆస్పత్రిలో చివరి రోజుల్లో వెంకటేశ్ ఒక కోరిక కోరాడు. ఇన్ఫెక్షన్ సోకి తన అవయవాలు పాడైపోకముందే వాటిని తీసి అవసరమైనవారికి ఇవ్వండి, నా ప్రాణం ఎలాగూ పోతుంది, పోయేలోపు నలుగురికి పనికొస్తాను అన్నాడు. తల్లి సుజాత గారు ఆ కోరికను పట్టుకుని ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు వెళ్లారు. ఏ తల్లీ వేయకూడని పిటిషన్ అది. 2004 డిసెంబరులో కోర్టు దాన్ని ఒప్పుకోలేదు. మెదడు పూర్తిగా పనిచేయడం ఆగిపోయిందని డాక్టర్లు నిర్ధారించాకే అలాంటి అవయవాలు తీయడానికి చట్టం అనుమతిస్తుంది. వెంకటేశ్ స్పృహలో ఉన్నాడు, మాట్లాడుతున్నాడు. బతికున్న మనిషి ప్రాణం తీసి అవయవాలు తీసుకోమని ఏ న్యాయమూర్తీ రాయలేడు. డిసెంబరు 17న వెంకటేశ్ కన్నుమూశాడు. కళ్లు మాత్రం దానం చేయగలిగారు. 2022లో రేవతి దర్శకత్వంలో వచ్చిన 'సలాం వెంకీ' అనే హిందీ సినిమాకు మూలం ఈ తల్లీకొడుకుల కథే.

ఆ కుర్రాడి మనసు గొప్పది. అతన్ని తప్పుపట్టడానికి నోరు రాదు. అయినా కోర్టు చెప్పిన మాట సరైనదే అంటాను. ఒక మంచి మనిషి మంచి ఉద్దేశంతో అడిగిన దానికి తలుపు తెరిస్తే, రేపు అదే తలుపులోంచి మంచి ఉద్దేశం లేనివాళ్లు కూడా వస్తారు. పేదవాడి కిడ్నీకి బేరం పెట్టినవాళ్లను మన దేశం చూసింది కనుకనే 1994లో అవయవ మార్పిడి చట్టం వచ్చింది.

నాలుగు వేర్వేరు విషయాలు

ఈ చర్చలో గందరగోళమంతా నాలుగు వేర్వేరు విషయాలను ఒకే పేరుతో పిలవడం వల్ల వస్తోంది.

మొదటిది, మనిషి తన ప్రాణం తానే తీసుకోవడం. రెండోది, రోగి అడిగాడని ఇంకొకరు మందు ఎక్కించి ప్రాణం తీయడం. మూడోది, ఇక బాగుపడే ఆశ లేదని తేలాక, చావును సాగదీయడం తప్ప మరేమీ చేయని యంత్రాలను వద్దనడం, లేదా తీసేయడం. నాలుగోది, ప్రాణాంతక జబ్బులో నొప్పి తగ్గించడానికి మార్ఫిన్ వంటి మందు సరైన మోతాదులో ఇవ్వడం.

మొదటి రెండింటిలో చంపేది మనిషి చెయ్యి. మూడో దాంట్లో చంపేది జబ్బు. నాలుగో దాంట్లో చంపే ఉద్దేశమే లేదు. ఈ తేడా తెలియక మన ఇళ్లల్లో రెండు రకాల అన్యాయాలు జరుగుతున్నాయి. కొందరు గునాహ్ అవుతుందన్న భయంతో, వెళ్లిపోతున్న మనిషి నోట్లో, ముక్కులో గొట్టాలు పెట్టించి ఐసీయూలో ఒంటరిగా వదిలేస్తున్నారు. మరికొందరు మార్ఫిన్ అంటే మత్తుమందు, హరాం అనుకుని క్యాన్సర్ రోగిని కేకలు పెట్టనిస్తున్నారు.

ధర్మం మాట

ప్రాణం మనది కాదు, అల్లాహ్ మన చేతికిచ్చిన అమానతు. తిరిగి తీసుకునే గడువు ఆయనదే. మనల్ని మనం చంపుకోవడాన్ని ఖుర్ఆన్ నాలుగో అధ్యాయం 29వ వాక్యం నిషేధించింది. గాయం బాధ తట్టుకోలేక తన చెయ్యి తానే కోసుకుని చనిపోయినవాడి సంగతి హదీసులో ఉంది. దైవప్రవక్త (స) దాన్ని మెచ్చుకోలేదు, హెచ్చరికగా చెప్పారు. కష్టం వచ్చిందని చావును కోరుకోవద్దని, తప్పనిసరైతే బతుకు మేలైనంతకాలం బతికించమని, మరణం మేలైనప్పుడు తీసుకెళ్లమని వేడుకోవాలని కూడా ఆయన నేర్పారు. గడువును ఆయనకే వదిలేయడంలోనే మన మర్యాద ఉంది.

ఇది సగం మాత్రమే. మిగతా సగం కూడా వినాలి. చికిత్స చేయించుకోమని ప్రవక్త (స) చెప్పారు, ప్రతి జబ్బుకూ మందు ఉందన్నారు. అదే సమయంలో మూర్ఛరోగంతో బాధపడే ఒక స్త్రీ వచ్చి తన కోసం దుఆ చేయమని అడిగితే ఆయన రెండు దారులు చూపారు. ఓర్చుకుంటే స్వర్గం, కావాలంటే స్వస్థత కోసం దుఆ చేస్తానన్నారు. ఆమె ఓర్పును ఎంచుకుని, మూర్ఛ వచ్చినప్పుడు తన ఒంటి మీద బట్ట తొలగకుండా దుఆ చేయమంది. బుఖారీ, ముస్లిం రెండు గ్రంథాల్లోనూ ఉన్న ఈ హదీసును ఆధారంగా తీసుకుని, ప్రతి చికిత్సా ప్రతి మనిషికీ తప్పనిసరి కాదని చాలామంది ప్రాచీన ధర్మవేత్తలు చెప్పారు. ఆ స్త్రీ చివరి కోరిక చూడండి. జబ్బు పోకపోయినా పరువు నిలబడాలని అడిగింది. ఈనాడు గౌరవంగా మరణించడం అని న్యాయస్థానాలు అంటున్నది దీనికి దూరమైన మాట కాదు.

మన కాలానికి వస్తే, ఇస్లామీ దేశాల సమాఖ్య కింద పనిచేసే అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ 1986 అక్టోబరులో అమ్మాన్‌లో సమావేశమైంది. గుండె, ఊపిరి తిరిగిరాని విధంగా ఆగిపోతేనో, మెదడు పనులన్నీ తిరిగిరాని విధంగా ఆగిపోయాయని నిపుణులైన డాక్టర్లు తేలిస్తేనో ఆ మనిషి మరణించినట్లే పరిగణించవచ్చని, అలాంటప్పుడు యంత్రాలు తీసేయవచ్చని తీర్మానించింది. 1992లో జిద్దాలో చికిత్స గురించి మరో తీర్మానం చేసింది. చికిత్స కొన్ని సందర్భాల్లో తప్పనిసరి, కొన్నింటిలో మంచిది, కొన్నింటిలో మనిషి ఇష్టం అని వివరించింది. స్పృహలో ఉన్న రోగి అనుమతి ముఖ్యమని కూడా చెప్పింది. దయతో చంపడం అనే మాటకు మాత్రం ఆలిముల్లో ఆమోదం లేదు.

ఆహారం, నీళ్లు, శుభ్రత, నొప్పి నివారణ ఈ నాలుగూ చివరి శ్వాస దాకా రోగి హక్కు. గొట్టం ద్వారా ఆహారం ఎప్పుడు ఆపవచ్చన్న దాని మీద ఆలిముల్లో అభిప్రాయ భేదాలున్నాయి. ఆ స్థితి మీ ఇంటికి వస్తే ఒక నమ్మకమైన డాక్టర్‌ను, ఒక నమ్మకమైన ఆలిమ్‌ను ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టి అడగండి. వాట్సాప్‌ను అడగకండి.

ఇక్కడ ఒక మాట కచ్చితంగా చెప్పాలి. ఎవరింట్లోనైనా ఆత్మహత్య జరిగితే ఆ కుటుంబాన్ని వేలెత్తి చూపడం మన పని కాదు. ఆ మనిషి మనసు ఏ స్థితిలో ఉందో అల్లాహ్‌కే తెలుసు. జనాజాకు పోవాలి, మిగిలినవాళ్లను ఆదుకోవాలి. పురుగుల మందు డబ్బా ప్రతి ఇంట్లో ఉండే ప్రాంతం మనది. ఎవరైనా బతకాలని లేదు అని అంటే తేలిగ్గా తీసుకోకండి. పక్కన కూర్చోండి. ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు రాత్రీ పగలూ ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు.

చట్టం మాట

మన న్యాయస్థానాలు ఈ దారిలో చాలాసార్లు ముందుకీ వెనక్కీ నడిచాయి. ఆత్మహత్యాయత్నాన్ని నేరం చేసిన 309వ సెక్షన్ చెల్లుతుందని 1987లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది. 1994లో సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం అది చెల్లదంది. ఆ కేసు వేసినవారిలో ఒకరు నాగభూషణ్ పట్నాయక్, శ్రీకాకుళం ఉద్యమ కాలంలో పేరు వినిపించిన నాయకుడు. రెండేళ్లకే, 1996 మార్చిలో, జ్ఞాన్ కౌర్ కేసులో ఐదుగురు న్యాయమూర్తులు దాన్ని తిరగరాశారు. జీవించే హక్కులో చచ్చిపోయే హక్కు లేదన్నారు. కానీ గౌరవంగా జీవించే హక్కు సహజమైన మరణం దాకా ఉంటుందని అన్నారు. ఆ ఒక్క మాట నుంచే తర్వాతి తీర్పులు మొలిచాయి.

ముంబై కేఈఎం ఆస్పత్రిలో నర్సుగా పనిచేసిన అరుణా శాన్‌బాగ్ మీద 1973 నవంబరులో అదే ఆస్పత్రి ఉద్యోగి దాడి చేశాడు. ఆమె మెదడు దెబ్బతిని మంచానికే పరిమితమైంది. ఆమెకు ఆహారం ఆపాలని కోరుతూ రచయిత్రి పింకీ విరానీ సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఆస్పత్రి నర్సులు ఒప్పుకోలేదు. 2011 మార్చి 7న సుప్రీంకోర్టు నర్సుల పక్షాన నిలిచింది. అదే తీర్పులో, కఠినమైన షరతులతో, హైకోర్టు అనుమతితో యంత్రాలు ఆపవచ్చని దారి కూడా చూపింది. అరుణ 2015 మే 18న న్యుమోనియాతో చనిపోయింది. దాదాపు 42 ఏళ్ల పాటు తరం మారినా నర్సులు ఆమెకు అన్నం తినిపించారు, ఒంటికి పడక పుండ్లు రాకుండా కాపాడారు. ఆమె రక్తబంధువులు కారు. చట్టం గురించి ఎన్ని వాదనలున్నా, సేవ అంటే ఏమిటో ఆ నర్సులు చూపించారు.

2018 మార్చి 9న కామన్ కాజ్ కేసులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం గౌరవంగా మరణించడం జీవించే హక్కులో భాగమంది. ముందస్తు వైద్య నిర్దేశం రాసుకోవడానికి అనుమతించింది. జనం దాన్ని లివింగ్ విల్ అంటున్నారు. మొదట్లో దాని మీద మేజిస్ట్రేటు సంతకం కావాలన్నారు. అది ఎవరికీ సాధ్యం కాలేదు. 2023 జనవరి 24న నిబంధనలు సులువు చేశారు.

ఇప్పుడు పద్ధతి ఇది. 18 ఏళ్లు నిండిన, మతి స్థిమితం ఉన్న ఎవరైనా, ఎవరి ఒత్తిడీ లేకుండా, కాగితం మీద రాసుకోవచ్చు. ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి. నోటరీ గానీ గెజిటెడ్ అధికారి గానీ ధ్రువీకరించాలి. తాను మాట్లాడలేని స్థితిలో ఎవరు నిర్ణయం చెప్పాలో వారి పేర్లు రాయాలి. ఒక కాపీ ఇంటివారికి, ఒకటి కుటుంబ డాక్టర్‌కు, ఒకటి పంచాయతీ లేదా మున్సిపాలిటీ అధికారికి ఇవ్వాలి. మనసు మారితే ఎప్పుడైనా రాతపూర్వకంగా రద్దు చేసుకోవచ్చు. కాగితం ఉన్నంత మాత్రాన ఎవరూ వచ్చి గొట్టం పీకరు. రోగి సొంతంగా నిర్ణయం చెప్పలేని స్థితిలో ఉండి, కోలుకునే ఆశ లేదని తేలితేనే ఆ కాగితం పనిచేస్తుంది. ఆస్పత్రిలో చికిత్స చేస్తున్న డాక్టర్‌తో పాటు మరో ఇద్దరు నిపుణులు ఒక బోర్డుగా చూస్తారు. ఆ తర్వాత జిల్లా వైద్యాధికారి నియమించిన డాక్టర్ ఉన్న రెండో బోర్డు చూస్తుంది. రెండూ ఒప్పుకోవాలి, కుటుంబం ఒప్పుకోవాలి, మేజిస్ట్రేటుకు సమాచారం ఇవ్వాలి. కాగితం రాయనివారి విషయంలో కూడా కుటుంబం సమ్మతితో ఇదే పద్ధతి నడుస్తుంది. మందిచ్చి చంపడం మాత్రం ఈనాటికీ నేరమే.

ఆత్మహత్యాయత్నం విషయంలో 2017 మానసిక ఆరోగ్య చట్టం ఆ మనిషిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నవాడిగా చూడమంది, ఆదుకోమంది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పాత 309వ సెక్షన్ లేదు.

ఆ పెద్దాయనకు నేనిచ్చిన జవాబు ఇదే. బాగుపడే ఆశ లేనప్పుడు యంత్రాలు వద్దని ముందే చెప్పుకోవడం చట్టంలో తప్పు కాదు, ఆలిముల మాట ప్రకారం ఆత్మహత్య కిందికి రాదు. ఆస్తికి వసియ్యత్ రాసుకున్నట్లే దీన్నీ రాసుకోవచ్చు. కానీ ఎకరం మిగలాలని రాయకండి అన్నాను. మీ కోసం రాసుకోండి, పిల్లల అప్పు భయంతో కాదు.

"నా శరీరం నా ఇష్టం" అన్నవారికి

నెదర్లాండ్స్, బెల్జియం దేశాలు 2002లో డాక్టర్ చేత మరణం పొందడాన్ని చట్టబద్ధం చేశాయి. కెనడా 2016లో చేసింది. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో 1997 నుంచి రోగి అడిగితే డాక్టర్ ప్రాణాంతకమైన మందు రాసివ్వవచ్చు. అక్కడివారంతా దయలేనివారు కాదు. వారి వాదనలో బలం ఉంది. నా ఒంటి మీద నా అనుమతి లేకుండా ఎవరూ ఏమీ చేయకూడదు అంటారు. అంతవరకు మనం కూడా వారితోనే ఉన్నాం. రోగిని అడగకుండా, రోగికి నిజం చెప్పకుండా, కొడుకులు, డాక్టర్లు కలిసి అన్నీ నిర్ణయించడం మన దగ్గర పెద్ద జబ్బు. అమ్మీకి క్యాన్సర్ అని అందరికీ తెలుసు, అమ్మీకి తప్ప. ఆ విషయంలో వారి నుంచి నేర్చుకోవాల్సింది ఉంది.

దారులు విడిపోయేది ఆ తర్వాత. ఒరెగాన్ ప్రభుత్వం ఏటా ఆ మందు తీసుకున్నవారు చెప్పిన కారణాలను ప్రచురిస్తుంది. అందులో నొప్పి ముందు వరుసలో ఉండదు. తన పనులు తాను చేసుకోలేకపోవడం, ఇష్టమైనవి చేయలేకపోవడం, పరువు పోయిందన్న భావన ముందుంటాయి. ఇంటివారికి భారమవుతున్నానన్న మాట కూడా చాలామంది చెబుతారు. డబ్బున్న దేశంలోనే మనిషి నేను భారం అనుకుని చావును కోరుకుంటుంటే, మన దగ్గర ఏమవుతుంది? బోరు అప్పు, బిడ్డ పెళ్లి అప్పు ఉన్న ఇంట్లో, మంచాన పడ్డ తండ్రి నన్ను పోనివ్వండిరా అంటే, అది స్వేచ్ఛగా తీసుకున్న నిర్ణయం అని ఎవరు చెప్పగలరు? గొంతు తండ్రిదే, మాట మాత్రం పేదరికానిది.

ఖర్చు మాట

2016 జూన్‌లో చిత్తూరు జిల్లా తంబళ్లపల్లె కోర్టుకు ఒక జంట వెళ్లింది. వారి ఎనిమిది నెలల పసిబిడ్డకు కాలేయం చెడిపోయింది. మార్పిడి ఆపరేషన్‌కు డబ్బు లేదు. బిడ్డ బాధ చూడలేక కారుణ్య మరణానికి అనుమతి ఇమ్మని అడిగారు. ఆ వార్త పత్రికల్లో వచ్చాక రాష్ట్ర ప్రభుత్వం ముందుకు వచ్చింది. బిడ్డకు కాలేయ మార్పిడి జరిగింది.

దాతలు ఈ సంగతి ఒక్క క్షణం ఆలోచించండి. ఆ తల్లిదండ్రులు చావును అడిగారు. వారికి నిజంగా కావాల్సింది చికిత్స. చావు కోరే హక్కు గురించి వచ్చే ప్రతి అర్జీని ముందు ఈ కళ్లతో చూడాలి. ఇందులో నొప్పి ఎంత, అప్పు ఎంత, ఒంటరితనం ఎంత? ఆ మూడూ తీసేశాక కూడా కోరిక మిగిలితే అప్పుడు తత్వశాస్త్రం మాట్లాడుకుందాం.

ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షలకు పెరిగింది. మంచిదే. కానీ అది ఆస్పత్రి చికిత్సకు. ఇక చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకుపొండి అని డాక్టర్ చెప్పిన రోజు నుంచి మొదలయ్యే ఖర్చులను ఎవరూ లెక్కేయరు. గాలి పరుపు, డైపర్లు, మూత్రపు గొట్టం మార్పించడం, పుండ్లకు కట్లు, సూర్యాపేటకో హైదరాబాద్‌కో ఆటో, అంబులెన్సు కిరాయి, పక్కన కూర్చోవడానికి కూలి మానుకున్న కోడలు. ఆ కోడలు పోగొట్టుకునే కూలి ఏ బిల్లులోనూ కనపడదు.

నొప్పికి మందు ఉంది. మార్ఫిన్ ఖరీదైన మందు కూడా కాదు. 1985 నాటి మత్తుమందుల చట్టం కఠినమైన లైసెన్సుల వల్ల అది రోగులకు అందకుండా పోయింది. 2014లో చట్టాన్ని సవరించి, అలాంటి ముఖ్యమైన మందులకు ఒకే అనుమతితో సరిపోయేలా చేశారు. డాక్టర్ రాసిచ్చి, మోతాదు చూసుకుంటూ వాడితే అది చికిత్స. జబ్బుకు మందుగా ఇచ్చేదానికి, నిషా కోసం తాగేదానికి ధర్మంలో తేడా ఉంది. మన రాష్ట్రంలో జిల్లా ఆస్పత్రుల్లో పాలియేటివ్ కేర్ కేంద్రాలు, ఇంటికే వచ్చి చూసే 'ఆలన' వాహనాలు ప్రారంభించారు. అలాంటివి ఉన్నాయన్న సంగతే చాలా ఇళ్లకు తెలియదు. తెలియజేయడానికి డబ్బు కూడా అక్కర్లేదు, ఒక మనిషి చాలు.

మలబారు చూపిన దారి

ఈ పని ఎలా చేయాలో మనం కొత్తగా కనిపెట్టనక్కర్లేదు. కేరళలోని కోజికోడ్‌లో 1993లో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, డాక్టర్ సురేశ్ కుమార్, వారి మిత్రులు కలిసి నొప్పి నివారణ సంఘం ప్రారంభించారు. ఆస్పత్రికి వచ్చినవారిని చూస్తుంటే, రాలేనివారే ఎక్కువని వారికి అర్థమైంది. తర్వాత కొన్నేళ్లకు మలప్పురం వంటి జిల్లాల్లో పాడ పాడకూ స్వచ్ఛంద బృందాలు లేచాయి. దుకాణదారులు, బస్సు ఉద్యోగులు, విద్యార్థులు, ఇల్లాళ్లు వారానికి కొన్ని గంటలు కేటాయించారు. కొంత శిక్షణ తీసుకుని ఇళ్లకు పోయి రోగులకు స్నానం చేయించడం, కట్లు కట్టడం, మాట్లాడటం మొదలుపెట్టారు. పెద్ద దాత ఒకరిచ్చే లక్షల కంటే, వేలమంది ఇచ్చే చిన్న చిన్న చందాల మీద ఆ పని నడిచింది. మలప్పురం ముస్లింలు ఎక్కువగా ఉన్న జిల్లా, అయినా ఆ బృందాలు రోగి పేరు, మతం అడగలేదు. 2008లో కేరళ ప్రభుత్వం దేశంలోనే మొదటిసారిగా దీనికొక విధానం ప్రకటించింది. జనం ముందు నడిచారు, ప్రభుత్వం వెనకాల వచ్చింది.

మనకు అయాదత్ కొత్త కాదు. రోగిని పరామర్శించడం ఒక ముస్లిం మీద మరొక ముస్లింకు ఉన్న హక్కుల్లో ఒకటని చిన్నప్పటి నుంచి వింటున్నాం. కానీ మన అయాదత్ ఎట్లా ఉంది? పోతాం, నాలుగు అరటిపండ్లు పెడతాం, అయ్యో ఎట్లాంటి మనిషి ఎట్లా అయిపోయిండు అని రోగి వినేలా అంటాం, చాయ్ తాగి వస్తాం. ఆ చాయ్ పెట్టడానికి రోగిని వదిలి ఇల్లాలు పొయ్యి దగ్గరకు పోవాలి. ఇకనుంచి అయాదత్‌కు పోయినప్పుడు ఒక్క పని చేసి రండి. ఇల్లాలిని రెండు గంటలు నిద్రపొమ్మని చెప్పి మీరు కూర్చోండి.

సంఘం ముందు నేను పెడుతున్న ప్రతిపాదనలు

మొదటిది, సామాన్ల బ్యాంకు. రెండు మడత మంచాలు, నాలుగు గాలి పరుపులు, రెండు వీల్‌చైర్లు, ఒక ఆక్సిజన్ యంత్రంతో మొదలుపెట్టవచ్చు. అవసరమున్న ఇంటికి ఉచితంగా ఇచ్చి, పని అయిపోయాక శుభ్రం చేసి మరొకరికి ఇవ్వాలి. ఇక్కడ ఒక జాగ్రత్త. జకాత్ సొమ్ము పేదవారి సొంతం కావాలన్నది మన ఫిఖ్‌లో షరతు. సంఘం ఆస్తిగా ఉండి అరువుకు తిరిగే మంచం దాని కిందికి రాకపోవచ్చు. కనుక సామాన్లకు సదఖా, విరాళాలు వాడదాం. మందులకు, ఆస్పత్రి అప్పుల్లో మునిగిన అర్హులైన పేదలకు జకాత్ ఇద్దాం. రెండు లెక్కలు విడిగా రాద్దాం. ఇమాం సాబ్‌ను, మన ఆలిములను అడిగి ఖాయం చేసుకుందాం.

రెండోది, పది మంది స్వచ్ఛంద సేవకులు. అందులో సగం మంది ఆడవాళ్లు ఉండాలి, ఎందుకంటే మంచాన పడ్డ అమ్మకు స్నానం చేయించాల్సింది వాళ్లే. జిల్లా పాలియేటివ్ కేంద్రం వారితో మాట్లాడి శిక్షణ ఇప్పిద్దాం.

మూడోది, ఏడాదికి రెండుసార్లు ఒక ఆదివారం సంఘం ఆఫీసులో ఒక డాక్టర్, ఒక వకీలు, ఒక ఆలిమ్ కూర్చుంటారు. వసియ్యత్, ముందస్తు వైద్య నిర్దేశం, నేత్రదానం వంటి వాటి మీద ఎవరికే సందేహమున్నా అడగవచ్చు. ఫీజు లేదు. వకీలు నేనే, ఈ మాట రాసి పెట్టుకోండి.

నాలుగోది, సహాయం మతం చూసి ఇవ్వొద్దు. జాన్‌పహాడ్ సైదులు ఉర్సుకు మన పక్కన ఎవరు నిలబడతారో మీకు తెలుసు. జబ్బు కూడా అంతే, ఇంటి గుమ్మం మీద ఏ గుర్తుందో చూడదు.

దాతలకు ఒక్క మనవి. పిల్లవాడి చదువుకు ఇచ్చిన రూపాయికి ఫలితం కనపడుతుంది, ఉద్యోగం వస్తుంది, మిఠాయి తెచ్చి పెడతాడు. చనిపోబోయే మనిషికి ఇచ్చిన రూపాయికి అలాంటి ఫలితం ఉండదు. ఆ మనిషి కృతజ్ఞత చెప్పడానికి కూడా మిగలడు. ఫోటో దిగడానికి వీలుండదు, దిగకూడదు కూడా. అందుకే ఆ ఖాతాలో వేసేవారు తక్కువ. మయ్యత్‌కు గుసుల్ చేయించి, కఫన్ కప్పి, జనాజా మోసేవారిని మనం గౌరవిస్తాం, ఎందుకంటే పోయినవారు ఆ రుణం తీర్చలేరు. ఆ గౌరవాన్ని ఆర్నెల్లు ముందుకు జరుపుదామని నేను అడుగుతున్నాను.

మనిషికి చచ్చిపోయే హక్కు ఉందా అని కోర్టులు చర్చిస్తూనే ఉంటాయి, అది వాటి పని. మన ఊళ్లో ఏ మనిషీ నొప్పి తాళలేక, అప్పుకు భయపడి, ఎవరూ లేరని చావును కోరుకునే పరిస్థితి రాకుండా చూడటం మన పని. అల్లాహ్ మన రోగులకు స్వస్థత, వారిని చూసుకునేవారికి సబ్ర్, ఇచ్చేవారి సంపాదనలో బర్కత్ ప్రసాదించుగాక. మనందరికీ ఈమాన్‌తో కూడిన, మనవాళ్ల మధ్య జరిగే మరణాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.

వస్సలాం.